పద్నాలుగో నెంబరు గాలం

చేపల్ని గురించి నేను వ్యాసం రాయడమంటే, వంకాయ కూరని గురించి పులి రాసినట్టుంటుంది. మా ఇంటా లేదు, వంటా లేదు. వీధిలో చేపల గంప ఎదురైతే పై కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని అవతలి వైపుకి తప్పుకునే బాపతు. అయినా రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. మధ్యలో మానేస్తే నా పూచీ లేదు.

ముందుగా నా అర్హత మనవి చేసుకుంటాను. నేను బెజవాడ వన్ టౌన్లో పుట్టి, వన్ టౌన్లో పెరిగి, సామారంగం చౌక్‌కి నాలుగడుగుల దూరంలో ఉన్న ఒక ఇనప సామాన్ల కొట్లో నలభై ఏళ్ళు గుమాస్తాగా చేసి విరమించుకున్నవాణ్ణి. మేకులు, బందులు, గొళ్ళేలు, కట్టుతీగ, బొక్కెనలు, వాటితో పాటు గాలాలు. అవును, చేపల గాలాలే! నార్వే దేశం నుంచి వచ్చే ముస్తాద్ గాలాలు, పెట్టెకి వంద. దివిసీమ నుంచీ, బందరు నుంచీ, నిజాంపట్నం నుంచీ జనం వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. చేప ముఖం సరిగా చూడని నేను, ఏ చేపకి ఏ నెంబరు పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. పప్పు తినే వైద్యుడు పథ్యానికి మాంసరసం రాసిచ్చినట్టన్న మాట.

గాలాల నెంబర్లలో ఒక తమాషా ఉంది. నెంబరు పెరిగిన కొద్దీ గాలం చిన్నదవుతుంది. ఇరవయ్యో నెంబరంటే చీమకాలంత. దిగుతూ దిగుతూ ఒకటో నెంబరు దాకా వచ్చాక, అక్కణ్ణించి ఒకటి బై సున్నా, రెండు బై సున్నా అని ఎదురు లెక్క మొదలవుతుంది. అప్పుడు నెంబరుతో బాటు గాలమూ పెరుగుతుంది. కొత్తగా చేరిన కుర్రాడెవడైనా ఈ లెక్కలో పడి తికమకపడని రోజు లేదు. మనుషుల్లో కూడా ఈ రెండు రకాలూ ఉన్నారనీ, కొందరు వయసు పెరిగిన కొద్దీ చిన్నవాళ్ళవుతారనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి తర్వాత.

2025 సంక్రాంతికి మా వాడు ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. అక్కడ ఉత్తరపు కొసన డార్విన్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి కంప్యూటర్లు చూస్తుంటాడు. కోడలికి సెలవు దొరకలేదు. ఒక్కడే వచ్చాడు. సామానులో మాకో రెండు స్వెట్టర్లు (బెజవాడలో!), వాళ్ళమ్మకో కుక్కరు, ఇంతా చేసి అన్నిటికన్నా బరువైనది ఒక ప్లాస్టిక్ పెట్టె. మందుల పెట్టేమో, నా కొడుక్కి ఏం జబ్బు ముంచుకొచ్చిందోనని మా ఆవిడ కంగారుపడిపోయింది.

పెట్టె తెరిచాడు. లోపల అరలు అరలుగా సీసం ముక్కలు. వెండి రంగువి, నీలివి, పసుపువి, గులాబీవి. కొన్ని పొడుగ్గా గరిటె కాడల్లా, కొన్ని వెడల్పుగా రావి ఆకుల్లా. ఒక్కోదానికి రెండు కళ్ళు కూడా పెట్టారు.

"ఇవేమిట్రా, బొమ్మల కొలువుకా?" అంది మా ఆవిడ.

"జిగ్గులమ్మా. చేపలు పట్టేవి."

ఇంట్లో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. పండగ పూట, దేవుడి గదికి ఎదురుగా, నట్టింట్లో చేపలు పట్టే సరంజామా! మా ఆవిడ నా వంక చూసింది. నేను కిటికీలోంచి కొండ మీది అమ్మవారి గుడి గోపురం వంక చూశాను. కొడుకుని ఏమన్నా అనవలసి వచ్చినప్పుడల్లా నాకు భక్తి పెరుగుతుంది.

"అక్కడ అందరూ పడతారమ్మా. శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా బోట్లేసుకుని పోతుంది. బారముండి అని ఒక చేప..."

"ఛీ, అదేం పేరురా! తిట్టినట్టుంది," అని మా ఆవిడ చెవులు మూసుకుంది.

"అది మన పండుగప్పేనమ్మా," అన్నాడు వాడు.

అక్కడ నేను చెవి నిక్కించాను. పండుగప్ప నాకు తెలుసు. అంటే దాని గాలం నెంబరు తెలుసు. పర్షియా సింధుశాఖ దగ్గర్నించి ఆస్ట్రేలియా ఉత్తర తీరం దాకా, మధ్యలో మన కృష్ణా గోదావరి మొగలతో సహా, అంతటా ఆ ఒక్క చేపేనట. మంచినీళ్ళలోనూ బతుకుతుంది, ఉప్పునీళ్ళలోనూ బతుకుతుంది. నదిలో పెరిగి, గుడ్లు పెట్టాలంటే ఉప్పునీళ్ళకి దిగివస్తుంది. మా వాడూ అంతే గదా, కృష్ణలో పెరిగి సముద్రం దాటాడు అనుకున్నాను. పైకి అనలేదు. నలభై ఏళ్ళు కొట్లో కూర్చున్నవాడికి సరుకు గురించి తప్ప మాట పెగలదు.

సరుకు గురించే అడిగాను. "ఇది పోత సీసమేనా?"

వాడి ముఖం వెలిగిపోయింది. నాన్న తన సామాను గురించి ప్రశ్న వెయ్యడం వాడి జన్మలో అదే మొదటిసారి కాబోలు. వసారాలో చాప పరిచి, పెట్టె మధ్యలో పెట్టి, సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా నాకు పాఠం చెప్పాడు. ఆ పాఠం మీకూ అప్పజెబుతాను. ఎవరి అవసరం ఎప్పుడెలా పడుతుందో ఎవరు చెప్పగలరు?

మామూలు గాలానికి ఎర ఉంటుంది. వానపామో, రొయ్యో, పిండి ముద్దో గుచ్చి నీళ్ళలో వేసి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని కూర్చోవడమే. జిగ్గుకి ఎర లేదు. సీసం ముక్కే ఎర. అది ప్రాణం లేని వస్తువు గనక దానికి ప్రాణం మన చేతిలోంచి రావాలి. కర్ర ఆడించి, రీలు తిప్పి, కింద నీళ్ళలో ఒక చిన్న చేప దెబ్బ తిని తల్లడిల్లుతోందని పెద్ద చేపకి నమ్మకం కలిగించాలి. నాటకమన్న మాట. తోలుబొమ్మలాటలో పైన తెర వెనక మనిషి, కింద బొమ్మ.

మొదటి సంగతి బరువు. లోతు ఎక్కువైనా, నీటి వడి ఎక్కువైనా బరువైన జిగ్గు కావాలి. పడవలోంచి వదిలితే దారం సూటిగా కిందికి దిగాలి. ఏటవాలుగా కొట్టుకుపోతోందంటే బరువు చాలలేదని గుర్తు. అలాగని ఎప్పుడూ బరువైనదే వెయ్యకూడదు. లోతు తక్కువ చోట బరువైనది వేస్తే రాయి పడ్డట్టు పడి చేపలు బెదిరి పారిపోతాయి. అడుక్కి చేరడానికి చాలినంత బరువు, అంతకు మించి వద్దు.

రెండోది ఆకారం. పొడుగ్గా సన్నగా ఉన్నది బాణంలా దిగుతుంది. దాన్ని జోరుగా లాగుతూ ఆడించాలి. వంజరం, పార లాంటి పరుగు చేపలు వెంటపడతాయి. వెడల్పాటిది ఆకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ నింపాదిగా దిగుతుంది. అడుగున బద్ధకంగా పడుకునే చేపలకి అది. దాన్ని మెల్లిగా పైకెత్తి వదిలెయ్యాలి, అంతే. ఈ నింపాది పద్ధతి జపాను వాళ్ళు పైకి తెచ్చారట. సీసం బదులు టంగ్‌స్టన్‌తో చేసినవి కూడా ఉన్నాయి. అది సీసం కన్నా చాలా బరువైన లోహం గనక, అదే తూకానికి ముక్క చిన్నదిగా వస్తుంది. ఈ మాట వినగానే నా చేతులు ఊరుకోలేదు. లోపలికెళ్ళి పాత తక్కెడ తెచ్చాను. రెండూ తూచాం. నిజమే! నలభై గ్రాముల సీసం నా చూపుడు వేలంత ఉంటే, నలభై గ్రాముల టంగ్‌స్టన్ చిటికెన వేలు కన్నా కాస్త పెద్ద, అంతే.

మూడోది రంగు. తేట నీళ్ళలో వెండి, నీలం. మురికి నీళ్ళలో పసుపు, బంగారు రంగు. ఎరుపు చూడ్డానికి ఎంత మిడిసిపడ్డా, నీళ్ళలోకి దిగాక అన్నిటికన్నా ముందు మాసిపోయేది అదే. బొత్తిగా బురద నీళ్ళయితే రంగుతో పనిలేదు, కదలికే ముఖ్యం. చేపకి తల దగ్గర్నించి తోక దాకా పక్కల వెంబడి ఒక గీత ఉంటుంది. నీళ్ళలో ఎక్కడ అదురు పుట్టినా ఆ గీతతో పసిగడుతుంది.

ఇహ దారం. సన్నగా అల్లిన దారం ఒకటి, దాని కొసన మూడు నాలుగు మూరల లావుపాటి దారం ఇంకొకటి. పండుగప్ప చెంప రేకు కత్తిలా ఉంటుంది, సన్న దారాన్ని తెంపేస్తుంది. వంజరానికైతే పళ్ళే కత్తులు గనక తీగే కట్టాలి. రీలుకి బ్రేకు ఉంటుంది. దారం తట్టుకునే బరువులో మూడో వంతు లాగితే బ్రేకు జారేటట్టు బిగించుకోవాలి. మరీ బిగిస్తే తెగుతుంది. మరీ వదిలితే గాలం దిగదు.

"అన్నిటికన్నా అసలు సంగతి ఒకటుంది నాన్నా," అన్నాడు చివర్న. "జిగ్గు పైకి లాగుతున్నప్పుడు చేప చూస్తుంది. పట్టుకునేది మాత్రం అది కింద పడుతున్నప్పుడు. మనం గుంజినప్పుడు కాదు, వదిలినప్పుడు."

"మరి ఇంతా చేసి పట్టి, ఎవరికి పెడతావురా?" అంది మా ఆవిడ, వత్తులు చేసుకుంటూ.

"వదిలేస్తామమ్మా."

"వదిలేసేదానికి పట్టడమెందుకు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాడు ప్రపంచంలో ఇంకా పుట్టలేదని నా అనుమానం. మా వాడు మాత్రం ఒక మాట చెప్పాడు. పండుగప్ప పెద్దదయ్యేటప్పుడు ముందు మగచేప అవుతుందట. ఏడెనిమిదేళ్ళు వచ్చి బాగా పెరిగాక ఆడదవుతుందట. అంచేత పెద్ద పెద్ద చేపలన్నీ తల్లులే. వాటిని వదిలెయ్యడం ధర్మమట. మా ఆవిడ వత్తి చెయ్యడం ఆపి, "అయితే మీ నాన్న ఇంకా చిన్నతనంలోనే ఉన్నట్టు లెక్క," అంది. ఏ ఉద్దేశంతో అందో నేను అడగలేదు.

మీకు నవ్వులాటగా ఉండవచ్చు గాని, ఆ సాయంత్రం నా లోపల నవ్వు లేదు. ఆ పెట్టె తెరిచినప్పట్నించీ నాకు ఒక వెదురు బద్ద కనిపిస్తోంది.

1994 వేసవి సెలవులు. మా వాడికి పదేళ్ళు. కాలవలు కట్టేసిన రోజులు. కెనాల్ రోడ్డు పక్క కాలవలో నీళ్ళు ఇంకిపోయి అక్కడక్కడ మడుగులు మిగిలేవి. ఒక మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికి వస్తూ చూద్దును గదా, నా పుత్రరత్నం మడుగు ఒడ్డున వెదురు బద్ద పట్టుకుని గొంతుక్కూచుని ఉన్నాడు. పక్కన కొబ్బరి చిప్పలో రెండు పరిగ పిల్లలు. మన ఇంటి పిల్లాడు, నడిబజారులో! దగ్గరికి వెళ్ళి దారం ఎత్తి చూస్తే కొసన పద్నాలుగో నెంబరు ముస్తాద్ గాలం. మా కొట్టు సరుకే.

చేపలు పట్టినందుకు వచ్చిన కోపం ఒకెత్తు. కొట్లో గాలం దొంగిలించాడన్న కోపం పదెత్తులు. ఖరీదు చూస్తే పావలా కూడా చెయ్యదు. కానీ నేను గుమాస్తాని. కొట్టు మూసి వచ్చేటప్పుడు చొక్కా జేబులో మేకు ముక్క కూడా ఉండకూడదని రెండుసార్లు తడుముకునే మనిషిని. "దొంగవెధవా!" అన్నాను నలుగురిలో. వెదురు బద్ద మోకాలికి అడ్డంగా పెట్టి ఫెళ్ళున విరిచాను. గాలం తెంపి మడుగులోకి విసిరేశాను. వాడు ఏదో చెప్పబోయాడు. నేను విన్లేదు. చెయ్యి పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకొచ్చాను.

నాలుగు రోజుల తర్వాత మా షావుకారుగారు చిట్టా చూసుకుంటూ, తల ఎత్తకుండానే, "మీ వాడు నీకు క్యారేజీ తెచ్చిన రోజున ముచ్చటపడి అడిగితే ఒక గాలం ఇచ్చానయ్యా. చేప పడిందేమిటి?" అన్నారు.

నేను, "పడిందండీ," అన్నాను.

అంతే. ఇంటికి వచ్చి వాడితో ఆ సంగతి చెబుదామనుకున్నాను. ఆ రోజు చెప్పలేకపోయాను. మర్నాడు చెబుదామనుకున్నాను. తండ్రి కొడుకుతో పొరపాటు అయిందని చెప్పడం ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో వాడుకలో లేదు. వారం గడిచింది, ఏడాది గడిచింది, వాడి మీసాలొచ్చాయి, విమానం ఎక్కాడు. ముప్పై ఏళ్ళ పాటు ఆ చిన్న గాలం నా గొంతులోనే ఉంది. పద్నాలుగో నెంబరు చిన్నదే. చిన్నది గనకనే పైకి రాలేదు.

"నాన్నా, నాగాయలంక వెళ్దామా?" అన్నాడు వాడు. "మీరూ రండి."

వెళ్దామన్నాను. మా ఆవిడ వత్తుల పళ్ళెం కింద పెట్టేసింది.

ఎప్పుడు వెళ్ళాలన్న దాని మీద నాకూ కొంత ప్రజ్ఞ ఉందని బయటపడింది. వాడు ఫోనులో సముద్రపు పోటూ పాటూ లెక్కలు చూస్తున్నాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ నీటి వడి ఎక్కువ. అష్టమీ నవముల్లో నీళ్ళు నీరసంగా ఉంటాయి. గాలాలు కొనడానికి వచ్చే దివి జనం నోట ఎన్నిసార్లు విన్నానో. ఆ ఏడు భోగి నాడే పౌర్ణమి అయింది. కనుమ నాడు కాకైనా కదలదంటారు గనక కనుమ వదిలేసి, ముక్కనుమ నాడు, బహుళ తదియ, వేళ కుదిరింది. వాడి ఫోనూ అదే చెప్పింది.

తెల్లవారుజామున కారు మాట్లాడుకుని బయల్దేరాం. ఉయ్యూరు దాటేసరికి రోడ్డు నిండా చెరుకు బళ్ళు. పామర్రు, చల్లపల్లి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి కారులోంచే ఒక నమస్కారం, అవనిగడ్డ, నాగాయలంక. దారి పొడుగునా ఇద్దరం మాట్లాడుకున్నాం. వరి ధర గురించీ, డార్విన్‌లో వానల గురించీ, నా మోకాళ్ళ గురించీ. అసలు మాట తప్ప అన్నీ.

పడవతను అరవై దాటిన మనిషి. ఎండిన తుమ్మమొద్దులా ఉన్నాడు. మడ అడవి మొదలైన చోట అభయారణ్యం హద్దులు చూపించి, "అటు పట్టకూడదు బాబుగారూ, కేసు పెడతారు," అని పడవ ఇవతలి పాయ వైపు తిప్పాడు. మా వాడు పెట్టె తెరిచి నూటయాభై గ్రాముల జిగ్గు తీస్తుంటే పెద్దాయన చూసి, మాట్లాడకుండా గడ తీసి నీళ్ళలో దించాడు. రెండు నిలువుల లోతు కూడా లేదు. "అది ఏస్తే చేప నెత్తి పగులుద్ది బాబూ," అన్నాడు. మా వాడు నవ్వేసి, అది లోపల పెట్టి ఇరవై గ్రాములది తీశాడు.

పెద్దాయన దగ్గరా ఒక గాలం ఉంది. గాలం కాడకి ఎర్రటి నైలాను పోగులు కుచ్చులా కట్టి, మొదట్లో కాస్త సీసం చుట్టి, దాని మీద సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితం తాపడం చేశాడు. అంటే జిగ్గే! మా వాడి జిగ్గు మన రూపాయల్లో వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది. ఈయనది చేతి పని. గాలం ఒక్కటే కొన్నదట.

"ఎక్కడ కొన్నావు పెద్దాయనా?"

"బెజవాడ ఒన్ టౌను నుంచి తెప్పించుకుంటాం బాబూ, మా నాన్న కాలం నుంచీ."

ఏ కొట్టు అని అడగలేదు. మా కొట్టు కాదంటాడేమోనని భయం.

మా వాడు ఒక కథ చెప్పాడు. ఫిన్లాండు దేశంలో లౌరీ రాపాలా అని ఒక పేద జాలరి ఉండేవాడట. 1936లో బెండు చెక్కతో చేప బొమ్మ చెక్కి, దాని మీద చాక్లెట్టు చుట్టే తగరపు కాగితం అంటించి, పాత ఫోటో నెగటివులు కరిగించి పైన పూత పూశాడట. ఆ బొమ్మ వల్ల రాపాలా అన్న పేరు ఇవాళ లోకమంతా తెలుసు. మన పెద్దాయనా అదే పని చేశాడు. పేరు మాత్రం పడవ దాటి వెళ్ళలేదు.

పోటు తిరిగి పాటు మొదలయ్యే వేళకి కాలవ మొగ దగ్గర లంగరు వేశాం. పాటుకి పాయల్లోంచి రొయ్యపిల్లలూ చిన్న చేపలూ కొట్టుకొస్తాయి. వాటి కోసం పండుగప్ప మొగలో కాపు కాస్తుంది. మా వాడు విసురుతున్నాడు, లాగుతున్నాడు, వదుల్తున్నాడు. గంట గడిచింది. ఏమీ లేదు. పెద్దాయన ఈలోపు రెండు చిన్న పారలు లాగి పడవలో పడేశాడు.

ఊరికే ఉండలేక, "ఉప్పెన నాటికి నీకెన్నేళ్ళు?" అని అడిగాను. ఆ సీమలో ఉప్పెన అంటే ఏ ఉప్పెనో చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19.

"పెళ్ళీడు. తాటిచెట్టు పట్టుకుని మిగిలాను. మా అమ్మా, తమ్ముళ్ళిద్దరూ మిగల్లేదు." దారం లాగుతూనే చెప్పాడు.

"మళ్ళీ ఈ నీళ్ళ మీదికే వస్తున్నావే!"

ఆయన కాసేపు ఆగాడు. "మా తమ్ముడితో ఆ పొద్దున తగువాడాను బాబూ. వల కాడ. సాయంత్రం మాట్లాడదాంలే అనుకున్నా," అన్నాడు. నేను అడిగింది అది కాదు. ఆయన చెప్పింది మాత్రం అదే. మళ్ళీ కుచ్చు గాలం నీళ్ళలో వేశాడు.

ఆ మాట తర్వాత పడవలో కూర్చోవడం నాకు కష్టమైపోయింది. మా వాడు కర్ర పైకెత్తి, జిగ్గుని వదిలాడు. దారం వదులై నీళ్ళ మీద పడింది. అప్పుడు నోరు తెరిచాను.

"ఒరేయ్! ఆ వెదురు బద్ద నేను విరవకుండా ఉండాల్సింది. ఆ గాలం నువ్వు తియ్యలేదు. షావుకారుగారే ఇచ్చారు. నాకు తర్వాత తెలిసింది."

వాడు నా వంక తిరగలేదు. దారం వంకే చూస్తున్నాడు.

"తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"మీకు తెలుసని తెలుసు. ఆ వారమే షావుకారు తాతగారు చెప్పారు, మీ నాన్నకి చెప్పానురా అని."

ముప్పై ఏళ్ళు! నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్న బరువు రెండో కొస వాడి చేతిలో ఉంది. "మరి నన్నడగలేదేం రా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"మీరే చెబుతారని చూశాను. తర్వాత తర్వాత మర్చిపోదామని చూశాను. ఇన్నాళ్ళూ..."

ఇన్నాళ్ళూ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సరిగ్గా అప్పుడే కర్ర విల్లులా వంగింది. "పడింది! పడింది! బిగించకు బాబూ, పోనీ, పోనీ!" అని పెద్దాయన కేక. రీలు కుయ్యోమంటోంది. యాభై గజాల అవతల నీళ్ళలోంచి వెండి పళ్ళెం లాంటిది గాల్లోకి లేచి తల విదిలించి పడింది. నేను ఏమని అరిచానో నాకు జ్ఞాపకం లేదు. ఇంటా వంటా లేని మనిషి అరవకూడని మాటలే అరిచి ఉంటాను. పావుగంట సేపు వాడు లాగడం, అది గుంజడం. చివరికి పడవ పక్కకి వచ్చింది. రెండు మూరలకి తక్కువ లేదు. చిన్న దీపాల్లా మెరిసే కళ్ళు.

"తల్లి చేపే," అన్నాడు మా వాడు. గాలం ఊడదీసి, నీళ్ళలోనే రెండు చేతుల మీదా కాసేపు పట్టుకుని, ఊపిరి తిరిగాక, "నాన్నా, మీరు వదలండి," అన్నాడు.

కండువా పక్కన పెట్టి వంగి చేతులు నీళ్ళలో పెట్టాను. డెబ్బయ్యేళ్ళలో చేపని ముట్టుకోవడం అదే మొదలు. చల్లగా, గట్టిగా, బతికి ఉంది. ఒక్క విదిలింపుతో నా చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ముఖం నిండా ఉప్పునీళ్ళు చల్లి మరీ పోయింది. కళ్ళు తుడుచుకోవడానికి మంచి సాకు దొరికింది. వాడూ తుడుచుకున్నాడు. వాడి మీద నీళ్ళు పడలేదు.

పెద్దాయనకి మాత్రం మా ఇద్దరి మీదా జాలి కలిగింది. "అయిదు కిలోల చేప," అని పాటు నీళ్ళ వంక చూసి తల ఆడించాడు. మా వాడు పెట్టెలోంచి నాలుగు జిగ్గులు తీసి ఇస్తే, తిప్పి తిప్పి చూసి మూడు తిరిగిచ్చేశాడు. తనది ఒకటి మా వాడికిచ్చాడు. కుచ్చుది.

తిరిగి వచ్చేసరికి ప్రకాశం బ్యారేజీ మీద దీపాలు వెలిగాయి. 1957లో కట్టినప్పట్నించీ దాని దాపున గాలాలు వేసేవాళ్ళని చూస్తూనే ఉంది మా ఊరు. నేనే చూళ్ళేదు. ఆ పక్కన ఇంద్రకీలాద్రి. మత్స్యయంత్రం కొట్టిన అర్జునుడు తపస్సు చేసిన కొండ. ఆయన నీడ చూసి చేపని కొట్టాడు. నేను కొడుకుని ఎదురుగా పెట్టుకుని ముప్పై ఏళ్ళు గురి తప్పాను.

"ఏవండీ, ఏమైనా పడిందా?" అంది మా ఆవిడ, స్నానానికి నీళ్ళు పెట్టి.

"పడింది. వదిలేశాం," అన్నాను.

"దానికోసం అంత దూరం వెళ్ళాలా?" అంది.

వెళ్ళాల్సి వచ్చింది. ఏం చేస్తాం!

మా వాడు వెళ్ళిపోతూ ఒక వెండి రంగు జిగ్గు నాకిచ్చి వెళ్ళాడు. గాలం ఊడదీసి మా ఆవిడ దానికి బీరువా తాళాలు తగిలించింది. నలభై గ్రాముల బరువు గనక అప్పట్నించీ ఇంట్లో తాళాలు పోవడం లేదు. జిగ్గుల వల్ల ప్రయోజనం లేదనేవాళ్ళకి ఇదే నా జవాబు.

2028లో కృష్ణా పుష్కరాలకి మనవడు వస్తానన్నాడు. వాడికి అప్పటికి పదేళ్ళు నిండుతాయి. మొన్న వన్ టౌన్లో పని పడి వెళ్ళినప్పుడు ఒక కొట్లో ఆగి, పద్నాలుగో నెంబరు గాలాలు అర డజను కొన్నాను. వెదురు బద్ద సంగతి తర్వాత చూసుకుందాం.

అన్నట్టు, కొన్నవాటికి బిల్లు అడిగి తీసుకున్నాను. జాగ్రత్తగా దాచాను కూడా.